ప్రకృతి సంహారమును నేరముగా నెంచవచ్చునా?

గడచిన సంవత్సరము మన పాఠశాల వక్తృత్వ సభలో, "అడవులను, నదులను, సముద్రములను పెద్దయెత్తున నాశనము చేయువారిని అంతర్జాతీయ న్యాయస్థానము శిక్షింపవలెను" అను విషయముపై వాదము జరిగినది. వాదము చాలవఱకు ఆవేశముతోనే సాగెను. సభ ముగియు వేళకు పదవ తరగతి విద్యార్థిని యొకతె లేచి, "అయ్యా, అడవిని నఱికించినది కంపెనీ యైనచో, కంపెనీని చెఱసాలలో పెట్టుట యెట్లు?" అని యడిగెను. కొందఱు నవ్విరి. అధ్యక్షస్థానమునందున్న నాకు మాత్రము నవ్వు రాలేదు. ఈ విషయమంతయు ఆ యొక్క ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది. అంతలో గంట కొట్టుటచే సమాధానము చెప్పుట కవకాశము లేకపోయెను. ఈ వ్యాసము ఆ బాలికకు నేను బాకీపడిన సమాధానము.

ముందుగా పేరును గుఱించి రెండు మాటలు. ఇంగ్లీషులో దీనిని 'ఇకోసైడ్' అందురు. ఈ పదములోని మొదటి భాగము ఇల్లు అను నర్థముగల గ్రీకు మాటనుండియు, రెండవ భాగము చంపుట అను నర్థముగల లాటిను ధాతువునుండియు వచ్చినవి. అనగా తాము నివసించు ఇంటినే చంపుట యన్నమాట. తెలుగున ప్రకృతి సంహారమని చెప్పుకొందము. దీనికి అన్నవంటి పద మింకొకటి కలదు. ఒక జాతిని సమూలముగా నశింపజేయుటకు పోలెండు దేశపు న్యాయవాదియైన రఫేల్ లెంకిన్ 1944లో 'జెనోసైడ్' అని పేరు పెట్టెను. 1948 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి దానిని నేరముగా నిర్ణయించి ఒడంబడిక గావించెను. పేరు పుట్టిన నాలుగేండ్లకు చట్టము పుట్టినది. తమ్ముని సంగతి యట్లు కాలేదు. పేరు పుట్టి అర్ధశతాబ్దము దాటినను చట్ట మింకను పురిటిలోనే యున్నది.

శత్రువుతో పోరవచ్చును గాని వాని నేలతో పోరరాదను నియమము కొత్తది కాదు. చంద్రగుప్త మౌర్యుని కాలమున మన దేశమునకు వచ్చిన మెగస్తనీసు, ఇచటి రాజులు యుద్ధము చేయునపుడు సైతము రైతులకు హాని చేయరనియు, పగవాని పొలములకు నిప్పు పెట్టుటగాని చెట్లు నఱకుటగాని లేదనియు వ్రాసినట్లు తరువాతి గ్రీకు గ్రంథకర్తల వలన తెలియుచున్నది. పట్టణమును ముట్టడించు సేన ఫలవృక్షములను నఱకరాదను విధి ద్వితీయోపదేశకాండము ఇరువదవ అధ్యాయమునందు కలదు. మెగస్తనీసు మనలను కొంత పొగడెనేమో యని నా యనుమానము. ఏలయన శత్రువు పైరులను నాశనము చేయు నుపాయములను కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున దాపఱికము లేకుండ చెప్పియున్నాడు. ఏది యెట్లున్నను, నియమ ముండుట వేఱు, నియమము తప్పిన రాజును పిలిచి యడుగు ధర్మాసన ముండుట వేఱు. ఆ రెండవది వేలయేండ్లు లేకయే యుండెను.

అట్టి ధర్మాసనము మొదట కనబడినది రెండవ ప్రపంచ యుద్ధానంతరము న్యూరెంబర్గు నగరమున. "మేము చేసినది రాజ్యకార్యము, తప్పున్నచో రాజ్యమును శిక్షింపుడు" అను తీరున జర్మను నాయకులు వాదింపగా, నేరములు చేయువారు మనుష్యులే గాని రాజ్యమను భావన కాదని న్యాయాధిపతులు 1946లో తీర్పు చెప్పిరి. బాలిక ప్రశ్నకు సగము సమాధాన మిచటనే దొరకినది. రాజ్యమును గూడ చెఱసాలలో పెట్టలేము. ఆజ్ఞపై సంతకము చేసినవానిని పెట్టవచ్చును.

ఆ దినములలోనే అడవుల సంగతియు న్యాయవేత్తల కంటబడినది. జర్మనులు పోలెండు నాక్రమించియున్న కాలమున ఆ దేశపు అరణ్యములను మితిలేకుండ కొట్టించిరని పదిమంది అటవీ అధికారులపై ఫిర్యాదు రాగా, యుద్ధనేర విచారణ సంఘమువారు 1948లో అందు తొమ్మండుగురిని నేరారోపణకు తగినవారుగా పట్టికలో చేర్చిరి. కాని అదే సంవత్సరము మఱియొక తీర్పు వచ్చినది. 1944 శరత్కాలమున రష్యను సేనలకు వెఱచి నార్వే ఉత్తర భాగమైన ఫిన్‌మార్కునుండి వెనుదిరుగుచు, లోథార్ రెండులిక్ అను జర్మను సేనాని ఇండ్లు, వంతెనలు, రేవులు యావత్తును కాల్పించి, జనులను తరలించెను. నిజమునకు రష్యనులు అంతదూరము తఱిమి రాలేదు. అయినను ఆ ఘడియలో తనకు తెలిసిన సంగతులనుబట్టి అవసరమని అతడు నమ్మియుండవచ్చునని చెప్పి, ఆ యొక్క ఆరోపణ విషయమున న్యాయస్థానము అతనిని విడిచిపెట్టినది. ఇతర నేరములకు మాత్రము శిక్ష వేసినది. కన్నుతో చూచిన నష్టముకంటె, చేసినవాని మనస్సులో ఆనాడు ఏమున్నదను ప్రశ్నయే పెద్దదైనది. పాఠకులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను. ముందుకు పోయిన కొలది ఇది మరల మన దారి కడ్డువచ్చును.

ఇక ఇకోసైడ్ అను మాట పుట్టిన కథ. ఆర్థర్ గాల్‌స్టన్ అను అమెరికను వృక్షశాస్త్రజ్ఞుడు 1940 ప్రాంతములలో విద్యార్థిగానుండి సోయా చిక్కుడు మొక్కలపై పరిశోధన చేయుచుండెను. ఒకానొక రసాయనమును కొద్దిగా చల్లినచో మొక్క త్వరగా పూయుచున్నదనియు, మోతాదు మించినచో ఆకులు రాలిపోవుచున్నవనియు అతడు కనుగొనెను. పంట పెంచుటయే అతని యుద్దేశము. కాని ఆకులు రాల్చు విద్యను సైనిక శాస్త్రజ్ఞులు వేఱు ప్రయోజనమునకై వెదకుచుండిరి. వియత్నాము యుద్ధమున 1962 మొదలు 1971 వఱకు అమెరికను విమానములు దక్షిణ వియత్నాము అడవులపైని, కొంతవఱకు పైరులపైని, ఏడు కోట్ల లీటర్లకు పైగా కలుపు మందులను కురిపించినవి. అవి గాల్‌స్టన్ కనుగొన్న మందు కాదు, వేఱు మందులు. అందు మిక్కిలి యెక్కువగా వాడినదానికి, పీపాలపై పూసిన నారింజ రంగు పట్టీనిబట్టి 'ఏజెంట్ ఆరెంజ్' అని పేరు. దాని తయారీలో డయాక్సిన్ అను భయంకర విషము కలిసి వచ్చుచుండెను. అది నేలలోను, ఏటి అడుగు మట్టిలోను, చేపల క్రొవ్వులోను నిలిచి సంవత్సరముల తరబడి మనుష్యుల శరీరములకు ప్రాకును.

కాకినాడ చెంత కోరింగ మడ అడవులను చూచినవారికి మడచెట్టు సంగతి చెప్ప నక్కఱలేదు. ఉప్పునీటి బురదలో వేళ్లు పైకెత్తి నిలుచు ఆ చెట్టు తుపానునకు వెఱవదు. కాని ఆ మందునకు తట్టుకొనలేకపోయినది. ఇతర వృక్షములు ఒక మారు ఆకు రాల్చి మరల చిగిర్చినవి. మడచెట్లు ఒక్క చల్లుటతో చచ్చినవి. దక్షిణ వియత్నాము మడ అడవులలో మూడవ వంతు ఇట్లు నశించినవి. సైగాను నగరమునకు దక్షిణముగానున్న కాన్ జో ప్రాంతము బూడిదరంగు మోడుల మైదానమయ్యెను. 1978 నుండి అచటి ప్రజలు దేశపు దక్షిణాగ్రమైన కా మౌనుండి విత్తనములు తెచ్చి బురదలో నాటిరి. ఆ వనము మరల పెరిగినది. యునెస్కో సంస్థ 2000లో దానిని రక్షిత జీవావరణ ప్రాంతముగా గుర్తించినది. నాటినవారికి మాత్రము ఎవ్వరును జవాబు చెప్పలేదు.

తన విద్య ఏ దారి పట్టెనో చూచి గాల్‌స్టన్ ఊరకుండలేదు. ఆ మందులను మానుడని తోడి శాస్త్రజ్ఞులతో కలిసి ప్రభుత్వమును ఒత్తిడి చేసెను. 1970 ఫిబ్రవరిలో వాషింగ్టను నగరమున జరిగిన యొక సభలో ఈ చర్యకు ఇకోసైడ్ అని పేరు పెట్టి, దీనిని నిషేధించు ఒడంబడిక కావలెనని కోరెను. మరుసటి సంవత్సరము చల్లుట ఆగినది. యుద్ధమున ముందుగా ఇట్టి మందులు వాడుటను విసర్జించుచున్నామని 1975లో అమెరికా అధ్యక్షుడు ఉత్తరువు చేసెను.

మఱి బాధితుల మాట? మందు తగిలిన అమెరికను సైనికులు వేసిన వ్యాజ్యము 1984లో రాజీపడి, కంపెనీలు 18 కోట్ల డాలర్లు చెల్లించినవి. వియత్నాము బాధితులు 2004లో న్యూయార్కు న్యాయస్థానమున దావా వేసిరి. 2005లో న్యాయాధిపతి దానిని కొట్టివేసెను. ఆయన చెప్పిన కారణములలో ముఖ్యమైనది ఇది: ఆ మందులు చల్లిన కాలమున అట్టి పనిని నిషేధించు అంతర్జాతీయ న్యాయము లేదు. పై న్యాయస్థానములును దానిని మార్చలేదు. ఈ తీర్పు చదివినపుడు నాకు కోపము వచ్చెను. కాని నిదానించి చూడగా న్యాయాధిపతిపై కోపపడుట తగదనిపించినది. చేసిననాడు నేరము కాని పనికి తరువాత చట్టము వ్రాసి శిక్షించుట నాగరక న్యాయమునకు విరుద్ధము. ఇదే సూత్రము మనలనందఱను ప్రభుత్వముల దౌర్జన్యమునుండి కాపాడుచున్నది. కాబట్టి తప్పు తీర్పునందు లేదు, సకాలమున వ్రాయబడని చట్టమునందున్నది.

1972లో స్టాక్‌హోము నగరమున పర్యావరణమును గుఱించిన మొదటి గొప్ప అంతర్జాతీయ మహాసభ జరిగినది. స్వీడను ప్రధానమంత్రి ఓలోఫ్ పాల్మె అచట ఇకోసైడ్ అను మాటను బహిరంగముగా పలికెను. బయటి దేశములనుండి వచ్చిన ప్రభుత్వాధినేత ఒక్కరే, మన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ. తరువాత రెండు ఒడంబడికలు వచ్చినవి. వర్షములను, వఱదలను, ప్రకృతి గతులను యుద్ధసాధనములుగా వాడరాదను 1976 నాటి ఒడంబడిక యొకటి. మన దేశము దీనిలో చేరినది. జెనీవా ఒడంబడికలకు 1977లో చేర్చిన మొదటి అనుబంధము రెండవది. మన దేశము దీనిలో చేరలేదు.

ఇచట వ్యాకరణోపాధ్యాయులకు సంతోషము కలిగించు నొక విశేష మున్నది. రెండింటను నష్టమునకు మూడు విశేషణములే: విస్తృతము, దీర్ఘకాలికము, తీవ్రము. మొదటి ఒడంబడికలో వాటి నడుమ 'లేక' అను వికల్పము; రెండవదానిలో 'మఱియు' అను సముచ్చయము. 'లేక' యన్నచోట మూడింటిలో ఏ యొకటి ఋజువైనను చాలును. 'మఱియు' యన్నచోట మూడును ఏకకాలమున ఋజువు కావలెను. దీర్ఘకాలమన నెంత? మొదటిదాని వ్యాఖ్యానముబట్టి కొన్ని మాసములు, లేదా ఒక ఋతువు. రెండవదాని యర్థమున దశాబ్దములు. పరీక్షలో చిన్న అవ్యయమునకు ఒక మార్కు పోయినదని విచారించు విద్యార్థులు, అట్టి అవ్యయ మొకటి ఎన్ని నదుల గతిని నిర్ణయింపగలదో గమనింతురు గాక. 1998లో రోము నగరమున అంతర్జాతీయ క్రిమినల్ న్యాయస్థానమునకు శాసనము వ్రాసినపుడు ఈ 'మఱియు'నే తీసికొనిరి. పైగా ఆ నష్టము ఆశించిన సైనిక లాభముకంటె స్పష్టముగా మిక్కుటమై యుండవలెనని కూడ చేర్చిరి. ఆ వాక్యము యుద్ధకాలమునకే వర్తించును. శాంతికాలమున ఎంతటి అడవినైన, ఎంతటి నదినైన చంపినను ఆ శాసనము నోరు మెదపదు.

శాంతికాలపు మాటను ఎవరును తలపెట్టలేదా? తలపెట్టిరి. ఐక్యరాజ్యసమితివారి అంతర్జాతీయ న్యాయ కమిషను 1991లో తయారుచేసిన చిత్తుప్రతిలో, పర్యావరణమునకు బుద్ధిపూర్వకముగా తీవ్రనష్టము కలిగించుట ఒక ప్రత్యేక నేరముగా నుండెను. 1996 నాటి తుదిప్రతిలో అది లేదు. యుద్ధనేరముల క్రింద ఒక ముక్క మాత్రము మిగిలెను.

ఆ 1991వ సంవత్సరముననే ఇరాకు సేనలు కువైతునుండి తొలగిపోవుచు ఆరువందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టినవి. పట్టపగలు చీకటి క్రమ్మెను. చివరి మంటను నవంబరు నెలలో గాని ఆర్పలేకపోయిరి. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఇరాకు రాజ్యమును బాధ్యురాలిని చేసెను. కువైతు ఆక్రమణవలన కలిగిన సమస్త నష్టములకును కలిపి 5,240 కోట్ల డాలర్లు విధింపబడినవి. వాటి కడపటి వాయిదా 2022 జనవరిలో చెల్లినది. అందు పర్యావరణ నష్టముల నిమిత్త మిచ్చినవి 500 కోట్లకు మించినవి. ఇది సామాన్యమైన పని కాదు. కాని ముప్పదియేండ్లపాటు ఆ సొమ్ము చెల్లించినవారెవరు? ఇరాకు చమురుమీద జీవించు సామాన్య ప్రజలు. సద్దాం హుసేను 2006లో ఉరితీయబడెను గదా యందురేమో. ఆ శిక్ష 1982లో దుజైలు గ్రామమున 148 మందిని చంపించినందులకు. బావుల మంటకై ఏ న్యాయస్థానమును ఎవనిని బోనెక్కింపలేదు.

మన దేశపు అనుభవమును ఇట్టిదే. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలు నగరమున పురుగుమందుల కర్మాగారమునుండి విషవాయువు వెలువడి వేలకొలది జనులు మరణించిరి. 1989లో కంపెనీ 47 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడెను. ఇచటి అధికారులు ఏడుగురికి 2010లో రెండేండ్ల శిక్ష పడెను. విదేశమునందలి కంపెనీ అధిపతి వారెన్ ఆండర్సన్ సంఘటన జరిగిన కొన్ని దినములకు ఇచట నిర్బంధింపబడి, జామీనుపై విడువబడి దేశము దాటెను. 2014లో మరణించునంతవఱకు మరల విచారణకు రాలేదు. ఆ కర్మాగారపు ఆవరణలో నిలిచిపోయిన 337 టన్నుల విషపదార్థమును తరలించుటకు 2025 జనవరి రావలసివచ్చెను. ఇది ప్రకృతి సంహారమను నిర్వచనమునకు సరిగా ఒదుగునా యనిన సందేహమే. అజాగ్రత్త వేఱు, తెలిసి చేయుట వేఱు. కాని సొమ్ము చెల్లించుట యెంత సుళువో, మనిషిని బోనెక్కించుట యెంత దుర్ఘటమో ఇంతకంటె బాగుగ చూపు నుదాహరణము నాకు తోచదు.

తిరిగి ఈ ఉద్యమమునకు ప్రాణము పోసినవారిలో స్కాట్లండు దేశీయురాలైన న్యాయవాది పాలీ హిగ్గిన్స్ ముఖ్యురాలు. ఆమె 2010లో న్యాయ కమిషనుకు ప్రతిపాదన సమర్పించి, 2019లో మరణించువఱకు ఇదియే పనిగా పెట్టుకొనెను. ఆమె పోయిన సంవత్సరమే, సముద్రమట్టము పెరుగుటచే భయపడుచున్న వనువాటు, మాల్దీవులు అను ద్వీపరాజ్యములు ఆ న్యాయస్థాన సభ్యదేశముల సమావేశమున ఈ మాట నెత్తినవి. 2021 జూనులో పండ్రెండుగురు న్యాయవేత్తలు ఫిలిప్ శాండ్స్, డియోర్ ఫాల్ సో అనువారి అధ్యక్షతన ఒక నిర్వచనమును సిద్ధపఱచిరి. దాని సారాంశ మిది: తీవ్రమును, దానితోపాటు విస్తృతము లేక దీర్ఘకాలికమునునైన నష్టము కలుగుటకు గట్టి సంభావన యున్నదని తెలిసియు, చట్టవిరుద్ధముగా గాని విచ్చలవిడిగా గాని చేసిన పని ప్రకృతి సంహారము. 'మఱియు' లలో నొకటి తొలగి 'లేక' వచ్చినదని గమనింపుడు.

ఇందు 'తెలిసియు' అను చోట రెండులిక్ సేనాని మరల ఎదురగుచున్నాడు. ఆనాడు తనకు తెలియదని చెప్పుకొనుట కొంత సాధ్యమయ్యెను. నేడు గనికిగాని ఆనకట్టకుగాని ముందుగా పర్యావరణ పరిశీలన నివేదిక తయారగుచున్నది; ఆ కాగితము బల్లమీద నుండగా తెలియదను మాట నిలుచుట కష్టము. 'విచ్చలవిడి' యను చోట మఱియొక చిక్కు. సంఘమునకును ఆర్థికస్థితికిని కలుగునని తలచిన లాభముకంటె స్పష్టముగా మించిన నష్టమైననే విచ్చలవిడి యనిరి. అంటే త్రాసులో ఒకవైపు అడవి, రెండవవైపు రూపాయలు. త్రాసు పట్టుకొన్నవాడు ఎవడను ప్రశ్న ప్రకృతిప్రియులు వేయుచున్నారు. ఇటు బీదదేశములవారు, ధనికులు తమ అడవులను ముందే అమ్ముకొని ఇప్పుడు మాకు చట్టము చెప్పుచున్నారని అనుమానించుచున్నారు. ఈ రెండాక్షేపణలును త్రోసివేయదగినవి కావు. నా మట్టుకు త్రాసు లేకుండుట కంటె వంకర త్రాసైనను కొంత మేలని తోచుచున్నది. వంకరను ఎత్తిచూపుటకు అవకాశమైన ఉండును.

2024 సెప్టెంబరులో వనువాటు, ఫిజీ, సమోవా దేశములు ఆ న్యాయస్థాన శాసనమునకు సవరణగా ఈ నేరమును చేర్చుడని లిఖితపూర్వకముగా కోరినవి. సవరణ నెగ్గుటకు సభ్యదేశములలో మూడింట రెండువంతులవారి సమ్మతి కావలెను. నెగ్గినను అంగీకరించిన దేశములకే వర్తించును. భారతదేశము, అమెరికా, చైనా, రష్యా ఆ న్యాయస్థానమున సభ్యులు కారు. కొన్ని దేశములు తమ సొంత శిక్షాస్మృతులలో దీనిని ముందే చేర్చుకొన్నవి. వాటిలో దెబ్బ తిన్న వియత్నాము మొదటివరుసలో నున్నది. రష్యా, ఉక్రెయిను చట్టములలోను ఉన్నది; బెల్జియము 2024లో చేర్చినది. 2023 జూను 6వ తేదిని ద్నీపరు నదిపైని కఖోవ్‌కా ఆనకట్ట తెగి పల్లెలు, పొలములు మునిగినపుడు ఉక్రెయిను అధికారులు ఆ సెక్షను క్రిందనే విచారణ ప్రారంభించిరి.

ఇప్పుడు బాలిక ప్రశ్నకు మిగిలిన సగము. హేగు నగరమందలి ఆ న్యాయస్థానము శాసనరీత్యా మనుష్యులనే విచారించును గాని రాజ్యములను, కంపెనీలను విచారింపదు. సవరణ నెగ్గినచో, కంపెనీ కాక, నివేదిక చదివియు పని సాగింపుమని సంతకము చేసిన పెద్దమనిషి బోనులో నిలుచును. జుర్మానాను కంపెనీ తన ఖర్చుల పద్దులో వ్రాసికొనవచ్చును. చెఱసాలను ఆ పద్దులో వ్రాయుటకు వీలులేదు.

అయినచో మొదట పట్టుబడువా డెవడని ఆమె తరువాత నన్ను వరండాలో నడిగినది. ఇంతవఱకు చేసినవారిలో ఎవడును కాడని చెప్పితిని. ఆ చట్టము అమలులోనికి వచ్చిన దినమునకు ముందు జరిగిన దేదియు దాని క్రిందికి రాదు. కాన్ జో మడ అడవులు రావు. కువైతు బావులు రావు. భోపాలు రాదు. ఈ సంవత్సరమున ఎక్కడనైనను జరుగుచున్నదియు రాదు.